వానాకాలం నల్లా నీళ్లు: సంపు నుంచి చెంబు దాకా ఎక్కడ చెడుతున్నాయి?

మలక్‌పేట్_మేడ:
వానలు మొదలైనప్పటి నుంచి నల్లా నీళ్లు మొదటి పావుగంట మట్టిరంగులో వస్తున్నాయి. తర్వాత తేటపడుతున్నాయి. కానీ సంపులోంచి పై ట్యాంకుకెక్కి వంటింట్లోకి వచ్చేసరికి సన్నగా మోరీ వాసన. 5,000 లీటర్ల సంపు, పైన 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, రోజు విడిచి రోజు నీళ్లు. ఇంట్లో ఏడాది లోపు పాప, ఒక గర్భిణి ఉన్నారు. ఆర్‌వో మిషన్ పెట్టిస్తే సరిపోతుందా?

డోసు_లెక్క:
మిషన్ సంగతి తర్వాత చూద్దాం. ఈ పూట చేయాల్సింది ముందు చెబుతాను.

మోరీ వాసన ఉన్న నీళ్లను కాచినా తాగొద్దు. కాచితే క్రిములు చస్తాయి గానీ మురుగుతో కలిసొచ్చిన రసాయనాలు పోవు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడతాయి కూడా. కాబట్టి తాగడానికీ వంటకీ సంపు నీళ్లు ఆపేయండి. నల్లా వచ్చినప్పుడు రంగు పోయి పూర్తిగా తేటపడ్డాక, సంపులోకి వెళ్లకముందే నేరుగా నల్లా కింద బిందెలు పట్టుకోండి. ఆ నీళ్లను శుభ్రమైన నూలుగుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, మూతపెట్టి కాచండి. అడుగున చిన్న బుడగలు రావడం కాదు, గిన్నె అంతా తెర్లాలి. అలా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. పది, ఇరవై నిమిషాలు కాచాలన్నది గ్యాసు దండగ. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అయినా పర్వాలేదు, జబ్బు చేసే క్రిములు అంతకన్నా చాలా తక్కువ వేడికే చస్తాయి.

కాచిన గిన్నెలోనే చల్లారనివ్వండి. వేరే పాత్రలోకి ఒంపి, అందులో గ్లాసు ముంచి తీస్తే చేసిన పనంతా వృథా. కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము గానీ మూతి సన్నగా ఉన్న బిందె గానీ వాడండి. 24 గంటల్లో అయిపోయేంతే కాచుకోండి.

పైపులైన్_అన్న:
అసలు సంగతి జర వినుండ్రి. పైపుల నీళ్లు నిండుగ, ప్రెషర్‌తోటి ఉన్నప్పుడు చిల్లి ఉన్నా నీళ్లు బయటికే పోతయ్, బయటి మురికి లోపలికి రాదు. నల్లా బంద్ అయినంక పైపు ఖాళీ అయితది. అప్పుడు అదే చిల్లిల నుంచి చుట్టు ఉన్న మురికిని లోపలికి గుంజుకుంటది. మళ్ల నీళ్లు ఇడిసినప్పుడు ముందుగాల వచ్చేది ఆ మురికే. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊర్ల ఈ తిప్పలు ఎప్పుడూ ఉంటయ్. వానలల్ల మోరీలు నిండి పొంగుతయ్ కాబట్టి ఇంకింత ఎక్కువ.

దీనిమీదికెల్లి నల్లా పైపుకే డైరెక్టుగ మోటార్ పెట్టి గుంజేటోళ్లు ఉంటరు. అది నేరం. నేరం ఒక్కటే కాదు, ఆ మోటార్ పైపుల నీళ్లను మాత్రమే గుంజదు, పక్కన మోరీ నీళ్లను గూడ గుంజి గల్లీ మొత్తానికి పంచుతది. మీ గల్లీల ఎవరన్న పెడితే నలుగురు కలిసి చెప్పుండ్రి, ఊకె కూసోవద్దు.

ఇగ చూడాల్సింది: సర్వీస్ పైపు, అంటే మెయిన్ లైన్ నుంచి మీ మీటర్ దాక వచ్చే సన్న పైపు, మోరీలకెల్లి గానీ మోరీ కిందికెల్లి గానీ వస్తుందా? పాత ఇండ్లల్ల శానా వరకు గట్లనే ఉంటది. జీఐ పైపు, అంటే జింకు పూత ఇనుప పైపు, అయితే బయటికి బాగనే కొడ్తది, తుప్పు పట్టి లోపల జల్లెడ అయి ఉంటది. అసొంటిదాన్ని అతుకులు పెట్టి లాభం లేదు. మధ్యల జాయింట్ లేకుంట ఒకటే ముక్క నీలం పైపు వేయించుండ్రి. డ్రైనేజీ పైపు కన్న పైన, దానికి ఎంత ఎడంగ వీలైతే అంత ఎడంగ పోవాలె.

పక్కింటోళ్లను అడుగుండ్రి. అందరికీ వాసన వస్తే మెయిన్ లైన్ల పగులు. జలమండలి నంబరు 155313కు కొట్టి, కంప్లయింట్ నంబరు రాసిపెట్టుకోండ్రి. ఒక్క ఇల్లు కాదు, పది ఇండ్లు కొడితే తొందరగ కదులుతది. మీ ఒక్కరికే వస్తే తప్పు మీ సర్వీస్ పైపుల నన్న, సంపుల నన్న ఉన్నది.

నీటి_పరీక్ష:
పైన చెప్పినదాన్ని ఊహతో తేల్చక్కర్లేదు, క్లోరిన్ చూస్తే తెలుస్తుంది. ఫిల్టర్ బెడ్డు నుంచి వచ్చే నీళ్లలో క్లోరిన్ కలిపి పంపుతారు. ఇంటికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలని తాగునీటికున్న భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. అది మిగిలుందంటే దారిలో పెద్ద మురికి తగల్లేదని గుర్తు. మురుగు కలిస్తే క్లోరిన్ దాన్ని చంపే పనిలో తానూ ఖర్చైపోతుంది, చివరికి సున్నా వస్తుంది.

స్విమ్మింగ్ పూల్ సామాన్లమ్మే చోట ఓటీ కిట్, అంటే క్లోరిన్ ఉంటే నీళ్లను పసుపుగా మార్చే చుక్కల మందు, దొరుకుతుంది. గీతదాకా నీళ్లు పోసి, కిట్ మీద రాసినన్ని చుక్కలు వేసి, మూతపెట్టి కలిపి, వెంటనే రంగుపట్టీతో పోల్చాలి. పది సెకన్లలోపు వచ్చే పసుపునే చూడండి, ఆలస్యంగా ముదిరేది వేరే లెక్క. నీళ్లు పట్టిన నిమిషంలోనే చేయాలి, ఎండలో పెడితే క్లోరిన్ ఎగిరిపోతుంది. చుక్కలు వేసిన నీళ్లు విషం, మోరీలో పారబోసి చెయ్యి కడుక్కోండి.

మూడు చోట్ల చూడండి: తేటపడ్డాక నల్లా దగ్గర, మర్నాడు సంపులో, వంటింటి కుళాయి దగ్గర. నల్లాలోనే పసుపు రాకపోతే గొడవ బయటి లైన్లోనో మీ సర్వీస్ పైపులోనో ఉంది. నల్లాలో వచ్చి సంపులో రాకపోతే తప్పు సంపుది. రెండింటిలో వచ్చి వంటింట్లో రాకపోతే పై ట్యాంకుది.

ఒక హెచ్చరిక. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరుతో నీళ్లు మంచివో చెడ్డవో తేల్చేవాళ్లను నమ్మకండి. అది కరిగిన ఉప్పులను మాత్రమే లెక్కిస్తుంది. మోరీ నీళ్లు ఒక గరిటె కలిపినా ఆ అంకె కదలదు.

నాచారం_బోరు:
మా వైపు నల్లా చాలక బోరు నీళ్లు కూడా అదే సంపులో కలుపుతారు. అలాంటప్పుడు ఈ పరీక్ష పనిచేస్తుందా?

నీటి_పరీక్ష:
పనిచేయదు, బోరులో క్లోరిన్ ఉండదు కాబట్టి ఎప్పుడూ తగ్గించే చూపిస్తుంది. పరీక్ష చేసేరోజు బోరు కలపకండి. అసలు తాగడానికి రెండూ కలపకుండా ఉంటేనే మేలు. మన నేల గ్రానైటు, కొన్ని చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, సెప్టిక్ ట్యాంకుల దగ్గరైతే నైట్రేట్ ఎక్కువ. ఫ్లోరైడ్‌కు ఒక మిల్లీగ్రాము, నైట్రేట్‌కు 45 మిల్లీగ్రాములు లీటరుకు హద్దు. రెండూ కాచినా పోవు, క్లోరిన్ వేసినా పోవు. చంటిపిల్లల పాలపొడిని నైట్రేట్ ఎక్కువున్న బోరు నీళ్లతో కలపనే కూడదు, రక్తంలో ప్రాణవాయువు మోసే శక్తి తగ్గి పాప నీలంగా మారుతుంది.

ఫిల్టరు_పనివాడు:
ఆర్‌వో సంగతికి వస్తాను, దాని ముఖ్యమైన పని కరిగిన ఉప్పులు తీయడం. మంజీరా, కృష్ణా, గోదావరి, గండిపేట, మన నల్లాలోకొచ్చేవి ఏ నీళ్లయినా నదివో చెరువువో, బోరువి కావు. మీ నల్లా దగ్గర టీడీఎస్ కొలవండి, ఈ ఒక్క పనికి ఆ మీటరు పనికొస్తుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్‌వో అక్కర్లేదు. అలాంటి చోట్ల ఆర్‌వో వద్దనే 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. బకెట్ మంచినీళ్లకు రెండు మూడు బకెట్లు పారబోసే యంత్రం నీటి ఎద్దడి ఉన్న ఊళ్లో ఎందుకు?

నల్లా నీళ్లకు మట్టి ఆపే సెడిమెంట్ ఫిల్టరు, కార్బన్, యూఎఫ్ (సన్న రంధ్రాల పొర), యూవీ (క్రిములను చంపే అతినీలలోహిత బల్బు) వరుస చాలు. అయితే యూవీకి ఒక బలహీనత ఉంది. నీళ్లు మసకగా ఉంటే మట్టిరేణువు నీడలో క్రిమి బతికిపోతుంది. అందుకే ముందు ఫిల్టరు మూసుకుపోతే బల్బు వెలుగుతున్నా నీళ్లు శుద్ధి కావు. వానాకాలంలో తెల్ల స్పన్ కార్ట్రిడ్జి, అంటే ఆ మట్టి ఆపే ఫిల్టరు, మూడు నెలలు ఆగదు. గోధుమరంగుకు తిరిగి ధార సన్నబడితే ఆరోజే మార్చండి. యూవీ బల్బు సుమారు 8,000 గంటల తర్వాత వెలుగుతుంది గానీ చంపదు, కంటికి తేడా తెలీదు. ఏడాదికోసారి మార్చండి. బల్బు చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టం మీద తెల్లటి ఉప్పు పొర కడితే వెలుగు నీళ్లకు చేరదు, నిమ్మరసంతో తుడిస్తే పోతుంది.

ఇంకో మాట చాలామంది మెకానిక్‌లు చెప్పరు. కార్బన్ క్లోరిన్‌ను పీల్చేస్తుంది. అంటే మిషన్ ట్యాంకులో నిలవ ఉన్న నీళ్లకు కాపలా లేదు. ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత వస్తే ఆ ట్యాంకు మొత్తం వదిలేసి కొత్తగా నింపుకోవాలి. నెలకోసారి ట్యాంకు విప్పి కడగాలి.

మీ నీళ్లకు మోరీ వాసన ఉంది కాబట్టి ఈ దశలో ఏ మిషన్ కొన్నా డబ్బు వృథా. మురుగు ఎక్కించి ఫిల్టరు చేయమనడం దానికి చేతకాని పని చెప్పడమే.

డోసు_లెక్క:
గ్యాసు లేనప్పుడు, జనం ఎక్కువున్నప్పుడు క్లోరిన్. లెక్క ఇది.

బ్లీచింగ్ పౌడరులో పనికొచ్చే క్లోరిన్ తాజాదైతే 25 శాతం పైన ఉంటుంది. గోనెసంచి విప్పి నెలలైనది, గడ్డకట్టినది, ఘాటు వాసన లేనిది ఉత్త సున్నమే, కొనకండి. 40 గ్రాములు తూచి, ప్లాస్టిక్ గిన్నెలో కొద్ది నీళ్లతో పేస్టులా కలిపి, మొత్తం లీటరు చేయండి. పావుగంట ఆగితే సున్నం అడుగుకు చేరుతుంది. పైన తేట నీళ్లను రంగు సీసాలోకి వంచండి. ఇది సుమారు ఒక శాతం ద్రావణం. చీకట్లో, మూత బిగించి పెట్టి, వారంలో వాడేయండి. సీసా మీద పేరు రాయండి, పిల్లలకందని చోట పెట్టండి.

20 లీటర్ల తేట నీళ్లకు 4 మిల్లీలీటర్లు, మసక నీళ్లకు ముందు వడకట్టి 8 మిల్లీలీటర్లు. సూది లేని సిరంజితో కొలవండి. కలిపి అరగంట ఆగాలి. అరగంట తర్వాత మూత తీస్తే సన్నగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే ఇంకోసారి అంతే డోసు, ఇంకో అరగంట. అప్పటికీ రాకపోతే ఆ నీళ్లు తాగేవి కావు. వాసన నచ్చకపోతే మూత తీసి కాసేపు గాలి తగలనివ్వండి.

మందుల షాపులో దొరికే క్లోరిన్ బిళ్లలైతే అట్ట మీద ఎన్ని లీటర్లకో చదివి వేయండి, ఒక్కో సైజు బిళ్ల ఒక్కో లెక్క. బట్టలకు, బాత్రూముకు వాడే సువాసన బ్లీచ్‌ను తాగే నీళ్లలో చుక్క కూడా వేయకండి.

నీళ్లు బాగా మసకబారితే పటిక గడ్డను పది పన్నెండు చుట్లు తిప్పి రెండు గంటలు కదపకుండా ఉంచండి. పైతేట వంచుకుని అప్పుడు క్లోరిన్. మట్టితోనే క్లోరిన్ వేస్తే సగం మట్టికే పోతుంది. వరుస తప్పకూడదు: ముందు తేట, తర్వాత చంపడం, ఆపైన మూత.

పిల్లల_వార్డు:
గర్భిణి ఉన్నారన్నారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. నీళ్ల ద్వారా వచ్చే కామెర్లలో హెపటైటిస్-ఈ (E) రకం మిగతావాళ్లకు మామూలుగా తగ్గిపోయినా, చివరి నెలల గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. ఆమె తాగేవి కాచినవే ఉండాలి. క్యాండిల్ ఫిల్టరు వైరస్‌ను ఆపదు. మూత్రం ముదురు పసుపుగా, కళ్లు పచ్చగా, వాంతులుగా ఉంటే ఆరోజే ఆస్పత్రికి.

చాలామంది తాగే నీళ్లు కాచి, మిగతాచోట మరిచిపోతారు. పళ్లు తోముకునే నీళ్లు, మజ్జిగలో కలిపే నీళ్లు, రోటిపచ్చడిలో చిలకరించేవి, కొత్తిమీర కడిగేవి, ఫ్రిజ్‌లో ఐసు, నిమ్మరసం. పప్పుకు, అన్నానికి నేరుగా పట్టిన నల్లా నీళ్లయితే ఉడుకుతాయి కాబట్టి సరే. పచ్చిగా తినే ప్రతిదానికీ కాచిన నీళ్లే. పాపకు స్నానం చేయించేటప్పుడు నోట్లోకి పోకుండా చూడండి.

పాలపొడి కలిపేదైతే నీళ్లు తెర్లాక అరగంట లోపే, వేడి 70 డిగ్రీల కిందికి దిగకముందే పొడి కలపండి, తర్వాత సీసాను చన్నీళ్లలో పెట్టి చల్లార్చండి. పొడిలో కూడా క్రిములుంటాయి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో. సగం ప్యాకెట్ అర లీటరులో అని అంచనాకు కలపొద్దు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ. ప్యాకెట్ దొరక్కపోతే లీటరుకు తలగొట్టిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. కలిపినవి 24 గంటలే. తల్లిపాలు ఆపకండి. కళ్లు గుంటలు పడ్డా, పాప మత్తుగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా తీసుకెళ్లండి. ఇది చిన్న విషయం కాదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్లతో ప్రాణాలే పోయాయి.

నాచారం_బోరు:
క్యాన్ నీళ్లు అందాకా వాడుకోవచ్చా?

ఫిల్టరు_పనివాడు:
వాడొచ్చు, సీలు ఉండి, దాని మీద కంపెనీ పేరు, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ఉంటే. పేరు లేని నీలం క్యాన్లలో ఏముందో నింపినవాడికే తెలుసు. పాపకూ గర్భిణికీ అవి కూడా కాచే ఇవ్వండి. డిస్పెన్సరు కుళాయిని వారానికోసారి విప్పి కడగకపోతే క్యాన్ ఎంత మంచిదైనా లాభం లేదు. తెరిచిన క్యాన్ రెండు మూడు రోజుల్లో అయిపోవాలి.

మలక్‌పేట్_మేడ:
పరీక్ష చేశాను. నల్లా దగ్గర లేత పసుపు, 0.3 దగ్గర. సంపులో ఏమీ రాలేదు. వంటింట్లోనూ లేదు. పక్కిళ్లలో వాసన లేదంటున్నారు.

పైపులైన్_అన్న:
సంపే. మీ డ్రైనేజీ చాంబర్ సంపుకు ఎంత దూరం ఉన్నది? సంపు మూత నేలకు సమానంగ ఉన్నదా, లేక ఎత్తుల ఉన్నదా?

మలక్‌పేట్_మేడ:
చాంబర్ నాలుగు అడుగుల దూరం. మూత నేలకు సమానంగానే ఉంది, వాన నీళ్లు దాని మీదుగా పారతాయి.

పైపులైన్_అన్న:
రెండు దార్లూ తెరిచే ఉన్నయ్ అన్నట్టు. 2020 అక్టోబర్ల వరద వచ్చినప్పుడు ఊరంత సంపులు పాడైంది ఇట్లనే, మూతకెల్లి.

ముందు సంపు మొత్తం ఖాళీ చేయించి, గోడలు గుడ్డతోటి పొడిగ తుడిపించి, ఆరు గంటలు చూడుండ్రి. చాంబర్ దిక్కున్న గోడ మీద చెమ్మ కమ్మినా, సన్న ధార లెక్క కారినా పగులు అక్కడనే. అనుమానం ఉంటే చాంబర్ల ఒక బకెట్ రంగునీళ్లు పోసి చూడుండ్రి. చెమ్మకు రంగు దిగితే ఇగ అడిగేదేం లేదు. పగులు దగ్గర సిమెంటు పైపైన పూసి ఊకోవద్దు. పెచ్చు కొట్టి, అంగుళం లోతు గాడి తీసి, వాటర్‌ప్రూఫ్ కలిపిన మసాలా నింపి, వారం తడపాలె. పైన పూసే కోటింగ్ తాగునీళ్ల ట్యాంకుకు పనికొస్తదని డబ్బా మీద రాసి ఉంటెనే తీసుకోండ్రి. చాంబర్ గూడ లోపల పూత పెట్టించుండ్రి, కారేది అది కాబట్టి. మూత చుట్టు ఆరు అంగుళాల కట్ట కట్టి, రబ్బరు అంచున్న మూత బిగించుండ్రి.

ఒక మాట మాత్రం పక్కా. మోటార్ మెయిన్ స్విచ్ తీసి, వైరు పీకినంకనే మనిషి దిగాలె. మూత తీసి గంటసేపు గాలాడనివ్వాలె. లోపలోడు ఒక్కడు, పైన తాడు పట్టుకొని ఒక్కడు. లోపలోడు పడిపోతే పైనోడు దిగొద్దు, తాడుతోటే గుంజాలె. సంపుల ప్రాణాలు పోయేది కరెంటు వల్ల, ఊపిరాడక.

డోసు_లెక్క:
మరమ్మతు ఆరాక ఈ శుద్ధి. అడుగు బురద తీసి, గట్టి బ్రష్షుతో గోడలు రుద్ది, ఆ నీళ్లు తోడి పారబోయండి. రుద్దేటప్పుడు లోపల బ్లీచింగ్ పౌడరు చల్లవద్దు, ఆ ఇరుకులో ఊపిరితిత్తులు మాడతాయి. బాత్రూము కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ దగ్గరికి కూడా రానివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు.

తర్వాత సంపు నింపుతూ, 5,000 లీటర్లకు ఒక కిలో పౌడరును బకెట్లలో కలిపి, సున్నం తేరాక తేట మాత్రమే పోయండి. అంటే లీటరుకు 50 మిల్లీగ్రాములు. అదే నీటిని పై ట్యాంకుకెక్కించి, ఇంట్లో ప్రతి కుళాయి తిప్పి, క్లోరిన్ వాసన తగిలేదాకా వదలండి. అప్పుడు అన్నీ కట్టేసి 24 గంటలు ఉంచండి. పైపుల్లో దాగిన మురికి పోయేది ఇలాగే. ఫిల్టరు మిషన్ ఉంటే ముందే లైను విడదీయాలి. ఇంట్లో అందరికీ చెప్పండి, ఆ రోజు ఏ కుళాయి నీళ్లూ తాగకూడదు, స్నానానికి కూడా వద్దు.

మలక్‌పేట్_మేడ:
24 గంటల తర్వాత ఆ నీళ్లేం చేయాలి? మొక్కలకు పోయొచ్చా? మళ్లీ ఎప్పుడు తాగొచ్చు?

డోసు_లెక్క:
మొక్కలకు వద్దు, వేర్లు మాడతాయి. చేపల తొట్టికీ వద్దు. వాకిలి, బాత్రూములు, మోరీ కడగడానికి వాడి మిగతాది డ్రైనేజీలోకి వదలండి. కొత్త నీళ్లతో ఒకసారి నింపి ఖాళీ చేసి, రెండోసారి నింపాక ఓటీ చూడండి. 0.2 నుంచి 0.5 మధ్య రావాలి.

నీటి_పరీక్ష:
క్లోరిన్ వచ్చిందని తొందరపడి పాపకు పోయకండి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో శాంపిల్ ఇవ్వండి. సీసా వాళ్ల దగ్గరే అడిగి తెచ్చుకోండి, అందులో క్లోరిన్‌ను ఆపే మందు వేసి ఉంటుంది, కడగొద్దు. కుళాయి మూతికి స్పిరిట్ దూది రుద్ది, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి, సీసా అంచుకు వేలు తగలకుండా పట్టండి. పైన కొంచెం ఖాళీ ఉంచాలి. ఐసు ముక్కల మధ్య పెట్టి ఆరు గంటల్లో చేర్చండి. నూరు మిల్లీలీటర్లలో ఈ.కోలై ఒక్కటి కూడా ఉండకూడదు. ఫలితం వచ్చేదాకా నేరుగా పట్టిన నల్లా నీళ్లు, కాచి.